స్టీరింగ్ ఇచ్చినవాడు

ఆ కారులో లోపలి అద్దం రోజూ పొద్దున్నే పైకి తిరిగి ఉండేది.

కోడలు దాన్ని తన కళ్ల ఎత్తుకు వంచుకుని, బ్యాటరీ పడిపోకుండా కాసేపు ఇంజన్ ఆన్ చేసి, మళ్లీ ఆపేసి, తాళం వేసి పైకి వెళ్లిపోయేది. మర్నాడు వచ్చి చూస్తే అద్దం మళ్లీ పైకే ఉండేది. మొదటిసారి పిల్లి పని అనుకుంది. తాళం వేసిన కారులోకి దూరి అద్దం సవరించుకునే పిల్లి ఎక్కడుంటుందో ఆమెకే తెలియాలి. రెండోసారి తన మరుపే అనుకుంది. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. భయపడింది.

భయపడటానికి కారణం ఆమె పనిలోనే ఉంది. ఆమెది కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం. వచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, ఫ్రేము తొడిగి, కంటిపాప ఎక్కడికొస్తుందో సన్నటి పెన్నుతో అద్దం మీద చుక్క పెడుతుంది. ఏ అద్దం ఏ కంటికి ఆనుతుందో ఆమె చూడగానే చెప్పగలదు. ఈ అద్దం తనకన్నా జానెడు పొడుగున్న మనిషికి సవరించి ఉంది. ఇంట్లో అంత పొడుగువాళ్లు ఇద్దరే. ఒకరు మామగారు. ఆయన మోకాళ్లు పట్టేసి, గది దాటి బయటికి రావడం మానేసి చాలా రోజులైంది. రెండోవాడు ఆమె భర్త. అతను అద్దె కారు ప్రమాదంలో పోయాడు.

ఈ సొంత కారుకి ఆ పాపంలో పాలు లేదు. ప్రమాదం జరిగినరోజు అది మెకానిక్ షెడ్డులో క్లచ్ ప్లేట్లు మార్పించుకుంటూ సుఖంగా ఉంది. దూరపు ఊళ్లో బంధువుల పెళ్లి. వెళ్లక తప్పదు, బండి లేదు. అందుకని మొగుడూ పెళ్లాలు అద్దె కారు తీసుకున్నారు.

"ఇంకెవరైనా నడుపుతారా సార్?" అని కౌంటర్లో అమ్మాయి అడిగింది. నడిపేవాళ్ల పేర్లు ముందే రాయించాలి. రాయించని మనిషి చేతికి స్టీరింగ్ వెళ్లిన క్షణం నుంచి బీమా కాగితం పొట్లం కట్టుకోవడానికే పనికొస్తుంది. కోడలికి నడపడం బాగా వచ్చు. కానీ లైసెన్సు దగ్గర లేదు. అది షెడ్డులో ఉన్న సొంత కారు డాష్‌బోర్డు అరలో భద్రంగా ఉంది. అది ఆ ఇంటి కట్టుబాటు. కోడలు సంచులు మార్చినప్పుడల్లా లైసెన్సు పాత సంచిలో ఉండిపోతోందని, సంచిని మరిచిపోవచ్చు గాని బండిని మరిచిపోయి బండి నడపలేం కదా అని మామగారు ఏనాడో తీర్పు చెప్పేశారు. ఎంత తెలివైన కట్టుబాటుకైనా ఎక్కడో ఒకచోట చిల్లు ఉంటుంది.

"నేనొక్కణ్ణే నడుపుతానండీ. ఆవిడ పక్కన కూర్చుని తప్పులు పడుతుంది. దానికి లైసెన్సు అక్కర్లేదు కదా" అన్నాడు భర్త. కౌంటర్ అమ్మాయి నవ్వింది.

బీమా మాత్రం ఉన్నవాటిలోకెల్లా పెద్దది తీసుకున్నాడు. కారుకి గీత పడితే పడనీ, అవతలి మనిషికి దెబ్బ తగిలితే వాడు లేచి నడిచేదాకా చూసుకునేది కావాలన్నాడు. బస్సు డ్రైవర్ కొడుకు మరి. ముందు అవతలి మనిషి గురించి ఆలోచించడం అతనికి ఉగ్గుపాలతో అబ్బింది.

మామగారు బస్సులు నడిపి నడిపి, చివర్లో కొత్త డ్రైవర్లకు నేర్పే పనిలో ఉండి రిటైరయ్యారు. డిపోలో ఆయన్ని అద్దాల మాస్టారు అనేవారు. సీటెక్కగానే తాళం తిప్పబోయినవాడి చేతి మీద ఒక్కటిచ్చి, "ముందు అద్దం, తర్వాత తాళం" అనేవారట. కొడుక్కి ఆయనే నేర్పారు. కోడలు వచ్చిన కొత్తల్లో ఆమెకూ ఆయనే నేర్పారు. ఆయన సూత్రాలు కొన్ని వింటే నవ్వొచ్చేది, ఆయనా నవ్వనిచ్చేవారు. ఒక్కదాని దగ్గర మాత్రం నవ్వనిచ్చేవారు కాదు. నిద్రొస్తే స్టీరింగ్ ఇచ్చెయ్యి. ఇవ్వడానికి మనిషి లేకపోతే పక్కకి ఆపి పడుకో. "మొండితనం ఉంటే పెళ్లాం దగ్గర చూపించుకో, నిద్ర దగ్గర కాదు" అనేవారు.

పెళ్లిలో రాత్రంతా జాగారమే అయింది. తిరుగు ప్రయాణంలో, ఎండ చురుక్కుమంటున్న వేళ, భర్త కారు పక్కకి తీసి ఆపాడు.

"కళ్లు లాగేస్తున్నాయి. నువ్వు తీసుకో" అన్నాడు.

"నా పేరు రాయించలేదుగా" అంది ఆమె.

"నువ్వు నడిపితే కౌంటర్ అమ్మాయికి కోపం వస్తుంది. నిద్రలో నేను నడిపితే నాన్నకి కోపం వస్తుంది. నాకు నాన్నంటేనే భయం" అని దిగి, ఇటు తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె సీటు ముందుకి లాక్కుంది, అద్దం కిందికి వంచుకుంది. అతను పూర్తిగా తల వాల్చకముందే నిద్రలోకి జారిపోయాడు.

ఆ తర్వాత పక్క దారిలోంచి సైకిల్ వచ్చింది. హ్యాండిల్‌కి రంగు డబ్బాలు తగిలించుకున్న పెయింటర్. ఆమె స్టీరింగ్ తిప్పింది. కారు సైకిల్‌ని కొట్టి, వెళ్లి రోడ్డు పక్క స్తంభాన్ని గుద్దింది. భర్త కూర్చున్న వైపు. ఆ తలుపు నొక్కుకుపోయింది. విరిగిన మణికట్టుతో ఆమె అతన్ని తన సీటు మీదుగా, తన తలుపులోంచి బయటికి లాగింది. ఎలా లాగిందో ఇప్పటికీ ఆమెకు తెలియదు. జనం వచ్చేసరికి డ్రైవర్ తలుపు బార్లా తెరిచి ఉంది, దాని ముందు మగమనిషి తల ఒళ్లో పెట్టుకుని ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఎవరు నడిపారని ఎవరూ అడగలేదు. చూసిందే నిజమనుకున్నారు.

అడిగింది ఆమె అన్న ఒక్కడే. ఆసుపత్రి వరండాలో, గొంతు తగ్గించి అడిగాడు. ఆ అన్న బీమా పాలసీలు అమ్మేవాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషే గాని చెడ్డవాడు కాదు. చెల్లెలంటే ప్రాణం. అబద్ధం అంత తొందరగా తట్టింది కూడా ఆ ప్రేమవల్లే.

"నేనే నడిపాను అన్నయ్యా" అంది ఆమె.

అతను అటూ ఇటూ చూశాడు. "ఆ మాట మళ్లీ అనకు. బావే నడిపాడు. నిద్ర పట్టేసింది. అంతే."

"అది అబద్ధం కదా."

"నిజం చెప్తే ఏమవుతుందో తెలుసా? పెద్ద బీమా రద్దయిపోతుంది. చట్టం ప్రకారం ఇచ్చే ముష్టి ఏదో ఆ పెయింటర్ మొహాన పడేస్తారు. అది ఒక్క ఆపరేషన్‌కి కూడా రాదు. మిగతాదంతా నీ నెత్తిన పడుతుంది. మీ మామగారి ఇల్లు పోతుంది. ఇల్లు పోయినా అతను లేవడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే. పోయినవాడికి ఇంకేం పోతుంది చెప్పు?"

మందుల మత్తులో, ఏడుపులో, ఆ ఆఖరి మాట ఆమెకు నిజంలాగే వినిపించింది. చచ్చినవాడి కళ్లు చారెడంత అంటారు. పోయాక ప్రతివాడూ మంచివాడే. ఈ ఇంట్లో మాత్రం సామెత తిరగబడింది. బతికున్నన్నాళ్లూ ఎవరిచేతా మాట పడనివాడు, పోయాక నిద్రపోతూ నడిపి మనిషిని కొట్టినవాడయ్యాడు.

కబురు విని మామగారు ఒక్కటే అడిగారు. "నిద్రపోయాడా?" అని. ముందు ఆమె అన్నని అడిగారు. తర్వాత ఆమెను అడిగారు. ఆమె తల ఊపింది. ఆ తల ఊపడమే ఆమె పీకకు చుట్టుకుంది. ఆయన ఆ రోజు నుంచి సూత్రాలు చెప్పడం మానేశారు. పరామర్శకు వచ్చిన పాత డిపో మనిషి ఒకడు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ, "మాస్టారి కొడుకే ఇలా చేస్తే ఇంక ఎవరికి చెప్తాం" అన్నాడు. గొంతు తగ్గించే అన్నాడు గాని, ముసలివాళ్లకు ఇలాంటివి బాగా వినిపిస్తాయి. మామగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. నిద్రపోయారో లేదో తెలియదు.

సెలవు దొరికినప్పుడల్లా ఆమె ఆసుపత్రికి వెళ్లి పెయింటర్‌ని చూసొచ్చేది. అతనికి వెన్ను దెబ్బతింది. ఒక ఆపరేషన్ అయింది, ఇంకొకటి చేస్తే లేచి నిలబడతాడంటున్నారు. రోజంతా వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తుంటాడు. "ఈ సీలింగ్‌కి ఎవడేశాడో గాని రెండో కోటు ఎగ్గొట్టాడమ్మా. ఎవరూ పైకి చూడరులే అనుకున్నాడు వెధవ. నాలాంటోడు వచ్చి పడుకుంటాడని వాడికేం తెలుసు" అని నవ్వేవాడు. అతని భార్య నవ్వేది కాదు.

"మీ మీద నాకు కోపం లేదమ్మా. పక్కన కూర్చున్నవాళ్లు మీరేం చేస్తారు" అంది ఒకరోజు, భర్త కాళ్లకు నూనె రాస్తూ. "మీ ఆయన మీదే నా కోపమంతా. పోయినవాళ్లని తిట్టకూడదంటారు. నాకు ఆగట్లేదు. రోజూ తిట్టుకుంటున్నా. నిద్రొస్తే ఆపి పడుకోవాలని ఆయనకి చెప్పేవాళ్లే లేరా?"

ఆమె తెచ్చిన పళ్లు బల్ల మీద పెట్టి వచ్చేసింది. అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయింది. నోరు విప్పితే పెయింటర్ మంచంలోనే ఉండిపోతాడు. విప్పకపోతే భర్త ఆ తిట్ల కింద ఉండిపోతాడు.

షాపులో పని చేసుకుంటున్నా వదిలేది కాదు. ఎవరైనా ఫ్రేము ఆమె చేతికిచ్చి "మీరు తీసుకోండి" అంటే చాలు, వేళ్లు చల్లబడిపోయేవి. కొనేవాళ్లు మొహం చూసుకోవడానికి బల్ల మీది అద్దాన్ని పైకి వంచితే అటు చూడకుండా మొహం తిప్పుకునేది. ఇక ఈ కారులో అద్దం. దాని గురించి ఆలోచించగా ఆలోచించగా ఆమెకు ఒకటే తోచింది. భర్తని ఆ సీట్లో కూర్చోబెట్టింది తనే. కారులో కాదు, మాటలో. అందుకే వచ్చి కూర్చుంటున్నాడు. నేను దిగిపోయాను కదా, మళ్లీ ఎందుకు ఎక్కించావని అడగడానికి వస్తున్నాడు.

పగలు తలుచుకుంటే ఇదంతా వెర్రిగా ఉండేది. అయినా పొద్దున్నే తాళం తిప్పేముందు "వచ్చారా" అని మెల్లగా అనేది. జవాబు వస్తుందేమోనని కాసేపు ఆగేది కూడా.

ఒక సాయంత్రం అన్న ఫోన్ చేశాడు.

"రెండో ఆపరేషన్‌కి బీమా కంపెనీ ఒప్పుకునే ముందు మనిషిని పంపుతున్నారు. రేపు మధ్యాహ్నం మీ ఇంటికే వస్తాడు. సీటు సంగతి అడుగుతాడేమో, చూసుకో."

"ఏ సీటు?"

"అద్దె కారు ఇంకా వాళ్ల యార్డులోనే ఉంది. డ్రైవర్ సీటు బాగా ముందుకి జరిపి ఉందట. బావ తాటిచెట్టంత మనిషాయె. లాక్కెళ్లినవాళ్లు జరిపారేమో తెలీదని చెప్పు. అడిగినదానికే జవాబు చెప్పు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకోకు."

ఆ రాత్రి ఆమెకు కన్ను అంటలేదు. తూరుపు ఇంకా తెల్లబడకముందే తాళం కోసం గుమ్మం పక్క మేకు దగ్గరికి వెళ్లింది. మేకుకి తాళం లేదు. అయినా ఆగలేదు. ఇవాళ ఉంటే అడిగేస్తాను, ఏం చెయ్యమంటారో ఆయన్నే అడిగేస్తాను అనుకుంటూ మెట్లు దిగింది.

కింద ఇంటి కారు షెడ్డులో వీధి దీపం వెలుగు కొంచెం పడుతోంది. డ్రైవర్ సీట్లో మనిషి ఉన్నాడు. తల దాదాపు కప్పుకి తగులుతోంది. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. ఒంటి మీద ఆమె భర్త స్వెట్టర్ ఉంది.

పారిపోవాలని అనిపించలేదు, అదే ఆమెకు వింతగా ఉంది. వెళ్లి తలుపు తీసింది. మామగారు కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నారు.

"మామయ్యా."

"ఉండమ్మా, కాసేపు" అన్నారు ఆయన కళ్లు తెరవకుండానే.

"మెట్లు ఎలా దిగారు?"

"కూర్చుని దిగుతున్నా, ఒక్కో మెట్టూ. రోజూ అలవాటైపోయింది." స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉన్నాయి. "వాడికి నిద్ర ఎలా పట్టిందో చూద్దామని వస్తున్నానమ్మా. అద్దం సరిచేసుకుని, చేతులు పెట్టుకుని, కళ్లు మూసుకుంటా. పట్టట్లేదు. స్టీరింగ్ చేతిలో ఉంటే మనిషికి నిద్రెలా పడుతుంది? నా చేతికింద నేర్చుకున్నవాడికి ఎలా పట్టింది? అదే నాకర్థం కావట్లేదు."

ఆమె అటు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చుంది. తలుపు వేసుకుంది. ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ చెప్పింది.

"నిద్ర పట్టిన మాట నిజమే మామయ్యా. స్టీరింగ్ మాత్రం ఆయన చేతిలో లేదు."

ఆయన కళ్లు తెరిచారు. ఆమెవైపు తిరగలేదు, అద్దంలోకి చూశారు.

"వాడే ఇచ్చాడా, నువ్వడిగావా?"

"ఆయనే ఆపి ఇచ్చారు. నా పేరు రాయించలేదు, వద్దన్నాను. కాగితం కన్నా నాకు నాన్నంటేనే భయం అన్నారు."

పెద్దాయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది నవ్వో ఏడుపో ఆయనకే తేలినట్టు లేదు. స్టీరింగ్ మీద నుదురు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయారు. భుజాలు కదిలాయి. ఆమె చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకుంది. ఆయన తలెత్తినప్పుడు గొంతు మామూలుగా ఉంది, డ్రైవర్లని అడిగే గొంతు.

"నీకూ నిద్ర పట్టిందా?"

"లేదు." అక్కడ ఆగింది ఆమె. ఇది ఎవరికీ చెప్పలేదు, తనలో తను కూడా పూర్తిగా అనుకోలేదు. "ఆయన్ని చూశాను మామయ్యా. నోరు కొంచెం తెరుచుకుని పడుకున్నారు. ముచ్చటేసింది. చూస్తూ ఉండిపోయాను. ఇటు తిరిగేసరికి సైకిల్ వచ్చేసింది."

"అది కూడా తప్పే" అన్నారు ఆయన.

"తప్పే."

ఆ మాట విన్నందుకు ఆమెకు ప్రాణం కొంచెం తెరిపిన పడింది. ఇన్నాళ్లూ అందరూ పాపం పాపం అన్నారే గాని తప్పని ఒక్కరూ అనలేదు. అప్పుడు మిగతాదంతా చెప్పేసింది. అన్న మాట, పెద్ద బీమా, చిన్న బీమా, పెయింటర్ భార్య తిట్లు, సీటు సంగతి, వస్తున్న మనిషి, అన్నీ. మామగారు అడ్డు రాకుండా విన్నారు.

"ఆ పెయింటర్ లేస్తాడా?"

"రెండో ఆపరేషన్ చేస్తే లేస్తాడంటున్నారు."

"ఇల్లు అమ్మితే అవుతుందా అది?"

"ఆపరేషన్‌తో పోదు మామయ్యా. లేచాక కూడా ఏళ్ల తరబడి చూడాలట. ఇల్లు చాలదు. అయినా నేను ఇవాళ చెప్పేస్తాను. ఆయన్ని ఇంక ఆ సీట్లో ఉంచలేను."

మామగారు చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లమన్నారు. మంచం మీద వాలగానే నిద్రపోయారు. ఆ నిద్ర చూసి ఆమెకు ముందు కంగారు వేసింది, దగ్గరికి వెళ్లి ఊపిరి కూడా చూసింది. గురక మొదలయ్యాక నిమ్మళించింది. కొడుకు పోయాక ఆ గదిలో గురక వినపడటం అదే మొదలు.

బీమా మనిషి చెప్పిన వేళకే వచ్చాడు. జలుబు చేసినట్టుంది, మాటకోసారి రుమాలు తీస్తున్నాడు. మర్యాదస్తుడు. పెట్టుకున్న కళ్లజోడు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. దాన్ని సరిచెయ్యాలని ఆమె చేతులు దురదపెట్టాయి. సరిచేస్తే ఇంకా బాగా చూస్తాడేమో అని ఊరుకుంది. నిజం చెప్పేద్దామని కూర్చున్న మనిషికి కూడా ఇలాంటి ఆలోచనలు వస్తాయి.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకూ ఇష్టం లేదండీ" అన్నాడు. "ఒక్క విషయం తేలట్లేదు. కారులో సీటు బాగా ముందుకి ఉంది. మీవారి ఎత్తు చూస్తే మోకాళ్లు స్టీరింగ్‌కి తగలాలి. యార్డువాళ్లు మేము ముట్టుకోలేదంటున్నారు."

"అసలు ఆ రోజు ఏం జరిగిందంటే" అని ఆమె మొదలుపెట్టింది.

"సీటు సంగతి నన్నడగండి బాబూ."

మామగారు గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకున్నారు. గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బీమా మనిషి లేవబోతే కూర్చోమని సైగ చేశారు.

"అది నేను నేర్పిన పనేనండీ. నిద్ర ముంచుకొస్తుంటే సీటు ముందుకి లాక్కోమని చెప్పేవాణ్ణి. ఒళ్లు ఇరుకున పడితే కళ్లు మూతపడవని. మా బస్సులవాళ్లు చేసే పనే అది."

ఆయన బతుకులో ఎవరికీ అలా నేర్పలేదు. నిద్రకి చిట్కా లేదు, నిద్రకి నిద్రే మందు అని ఆమెకు ఆయనే ఎన్నోసార్లు చెప్పారు. ఆమె నోరు తెరిచింది. ఆయన ఆమెవైపు చూశారు. కొత్త డ్రైవర్ తాళం మీద చెయ్యి వేసినప్పుడు చూసే చూపు అది. ఆమె నోరు మూతపడిపోయింది.

"అంటే నిద్ర వస్తోందని తెలిసే నడిపారన్నమాట" అన్నాడు బీమా మనిషి.

"తెలిసే నడిపాడు. నడపడం వచ్చిన మనిషి పక్కనే ఉన్నా ఇవ్వలేదు. మొదట్నుంచీ అంతేనండీ వాడు. నా మాట ఏనాడూ విన్నవాడు కాదు."

"మీరు డ్రైవర్లకు నేర్పేవారని విన్నాను."

"లోకమంతటికీ నేర్పాను. ఇంట్లోవాడికి నేర్పలేకపోయాను."

బీమా మనిషి తల దించుకుని రాసుకున్నాడు. ముసలాయన మొహం చూడలేక, రాయాల్సిందానికన్నా ఎక్కువసేపే రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు ఆయనకి రెండు చేతులూ జోడించాడు. ఆమెను ఇంకేమీ అడగలేదు.

పొద్దున దొరికిన కొడుకుని పొద్దు వాలకముందే పోగొట్టుకున్నారు ఆ పెద్దాయన. ఈసారి చేతులారా పోగొట్టుకున్నారు.

"ఎందుకు మామయ్యా అలా అన్నారు?" తలుపు వేసొచ్చి అడిగింది ఆమె. "ఆయన మీ మాట విన్నారు. విన్నందుకే కదా ఇదంతా."

"నాకు తెలుసుగా. అది నాకు చాలు."

"నాకు చాలదు."

"నీకు చాలదమ్మా. చాలకూడదు కూడా." ఆయన మాట కటువుగా లేదు, మెత్తగానూ లేదు. "వాడు దిగి స్టీరింగ్ నీకిచ్చాడు. తీసుకున్నాక లోపలున్నవాళ్లూ నీ పూచీ, రోడ్డు మీద వెళ్లేవాళ్లూ నీ పూచీ. లోపలివాడిని ఎటూ ఇప్పుడు కాపాడలేవు. బయటివాడు లేవాలి. అంతవరకు నోరు విప్పకు. అది మోసుకుంటూనే నడుపు." కుర్చీలోంచి లేస్తూ, "నన్ను ఆ పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లు" అన్నారు.

"ట్యాక్సీ పిలుస్తాను."

"కారుందిగా."

ప్రమాదం తర్వాత ఆమె కారు రోడ్డెక్కించడం అదే మొదటిసారి. డ్రైవర్ సీట్లో కూర్చుంది. మామగారు పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నారు. అద్దం పైకే ఉంది, ఆయన ఎత్తుకి. ఆమె తాళం తిప్పబోయింది. ఆయన చెయ్యి చాపి అద్దాన్ని మెల్లగా ఆమె వైపు వంచారు.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఊఁ, పోనీ."

దారంతా ఆమె ప్రతి సైకిల్‌కీ వేగం తగ్గించింది. వెనకవాళ్లు హారన్లు కొట్టారు.

ఆసుపత్రిలో పెయింటర్ నిద్రపోతున్నాడు. అతని భార్య స్టూలు మీద కూర్చుని ఉంది. ఇద్దరినీ చూసి, ముసలాయన పొడుగుని చూసి, ఆవిడకు అర్థమైపోయింది.

"మీరేనా ఆయన తండ్రి? బస్సు డ్రైవర్ అని విన్నాను." ఆవిడ లేచి నిలబడింది. అరవలేదు. అరిచినా బాగుండేది. "కొడుక్కి ఇదేనాండీ మీరు నేర్పింది?"

కోడలు ఇక ఆగలేననుకుని ఒక అడుగు ముందుకు వేసింది. మామగారు ఆమె మణికట్టు పట్టుకున్నారు. విరిగి అతికిన చెయ్యే అది. నొప్పి పుట్టేలా గట్టిగా పట్టుకున్నారు.

"సరిగ్గా నేర్పలేదమ్మా" అన్నారు ఆవిడతో. "తప్పు నాదే. వాణ్ణి తిట్టుకుంటున్నారట. మీ ఆయన లేచేదాకా తిట్టుకోండి. లేచాక మాత్రం ఒక్కసారి వదిలెయ్యండి వాణ్ణి."

ఆవిడ స్టూలు ఆయన వైపు జరిపింది. ఆయన కూర్చుని పెయింటర్ మొహం చూస్తూ ఉండిపోయారు. పెయింటర్ కళ్లు తెరిచి, ఎవరో తెలియక, పలకరింపుగా నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ చురుక్కుమంటూనే ఉంది. కొంతదూరం రాగానే మామగారు, "కళ్లు లాగేస్తున్నాయమ్మా" అన్నారు.

"పడుకోండి మామయ్యా."

ఆయన తల అటు వాలింది. ఊపిరి బరువుగా, నిదానంగా వినిపించడం మొదలైంది. అదే వైపు నుంచి, అదే ఎత్తులోంచి వస్తోంది ఆ ఊపిరి. స్వెట్టర్ వేసుకున్నాడా, నోరు తెరుచుకున్నాడా, అసలు అక్కడున్నది ఎవరు, తెలియాలంటే ఒక్కసారి తల తిప్పితే చాలు. మెడ నరాలు అటు లాగాయి. ఆమె తిప్పలేదు. రోడ్డు చూసింది, అద్దం చూసింది, మళ్లీ రోడ్డు చూసింది. పక్క దారులు వచ్చినప్పుడల్లా పళ్లు బిగించి కారు నెమ్మది చేసింది. కళ్లలో నీళ్లు తిరిగితే తుడుచుకోవడానికి కూడా ఆగలేదు, రెప్పలార్చుకుంటూ నడిపింది.

ఇంటి షెడ్డులోకి తీసుకొచ్చి ఆపింది. తాళం తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు తిరిగి చూసింది.

మామగారు నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతున్నారు. అచ్చం అలాగే. ఆమె లేపలేదు. కారు ఆగి ఉంది, ఇంక ఎంతసేపైనా చూడొచ్చు. చూస్తూ కూర్చుంది.